ఫోన్ బూత్‌లో వదిలిన పేర్లు

1993 ఏప్రిల్ 23. లండన్ ఆగ్నేయపు అంచున ఎల్తమ్ అనే పేట. అక్కడి టెలిఫోన్ బూత్‌లో ఎవరో ఒక ఉత్తరం పెట్టి వెళ్లారు. సంతకం లేదు. ముందు రోజు రాత్రి వెల్ హాల్ రోడ్డు మీద ఒక నల్లజాతి కుర్రాణ్ని పొడిచి చంపిందెవరో అందులో పేర్లతో సహా ఉంది. అదే రోజు ఒక మనిషి తనంత తానే పోలీస్ స్టేషనుకు వెళ్లి ఆ గుంపు పేర్లే చెప్పాడు. మర్నాడు మరో ఉత్తరం కనబడింది, ఈసారి ఏకంగా పోలీసు కారు అద్దం మీద. హత్య జరిగి రెండు రోజులు తిరిగేలోపే వేర్వేరు దారుల్లో వచ్చిన సమాచారమంతా ఒకే గుంపు వైపు వేలు చూపించింది.

మొదటి అరెస్టులు జరిగింది మే 7న.

జనం ముందుకు రారు, చూసింది చెప్పరు, సాక్ష్యానికి పిలిస్తే తప్పుకుంటారు అని పోలీసులు అనడం మనకు కొత్త కాదు. ఈ హత్య విషయంలో లండన్ పోలీసులూ ఆ మాటే అన్నారు, ఎవరూ నోరు విప్పడం లేదని. అది నిజం కాదు. జనం వచ్చారు. కత్తులు పట్టుకు తిరిగే కుర్రాళ్ల పేర్లు చెబితే తమకేమవుతుందో తెలిసీ, భయపడుతూనే వచ్చారు. వినవలసినవాళ్లు వినలేదు. నూట అరవై ఏళ్లకు పైగా కట్టుకున్న ఒక పెద్ద పేరు ఆ పదిహేను రోజుల్లో నేల రాలింది. నేను ఏడుస్తున్నది ముందుగా ఆ పద్దెనిమిదేళ్ల పిల్లవాడి కోసం. ఆ తర్వాత, అతనితో పాటు పోయిన ఆ నమ్మకం కోసం.

డిటెక్టివ్ నవలలు చదువుతూ పెరిగిన తెలుగు పాఠకుల మనసులో లండన్ పోలీసుల స్కాట్లండ్ యార్డ్‌కు పెద్ద పీట ఉండేది. ఆ పీట ఊరికే వేసింది కాదు. 1829లో హోంమంత్రి రాబర్ట్ పీల్ చట్టం తెచ్చి లండన్‌కు పోలీసు దళాన్ని ఏర్పాటు చేశాడు. ఎర్రకోటు సైనికుణ్ని చూస్తే జనం బెదురుతారని వీళ్లకు నీలం కోటు తొడిగారు. మామూలు గస్తీకి తుపాకీ ఇవ్వలేదు. పోలీసు కూడా పౌరుడే, జనం సమ్మతే అతని బలం, జనం సాయపడకపోతే అతని లాఠీకి విలువ లేదు అన్నది ఆ దళం చెప్పుకున్న ధర్మం. పీల్ పేరు మీద చెలామణీ అయ్యే తొమ్మిది సూత్రాలను ఆ రూపంలో కూర్చింది తర్వాతి తరాలవాళ్లే గాని, ఆ ఆలోచన మాత్రం లండన్ వీధుల్లో చాలాకాలం నిజంగా బతికింది. దారి తప్పిన పిల్లల్ని పోలీసు దగ్గరికి వెళ్లమని తల్లులు చెప్పేవారు. మనకు ఆ భాగ్యం దక్కలేదు. 1861లో మనకు పోలీసు చట్టం చేసి ఇచ్చినప్పుడు అదే బ్రిటన్, లండన్ దళాన్ని కాక ఐర్లండ్‌ను అదుపులో పెట్టడానికి కట్టిన సాయుధ దళం పోకడను ఇక్కడ దించింది.

లండన్‌లో కూడా ఆ ధర్మం అందరికీ సమానంగా అందలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కరీబియన్ దీవుల నుంచి వచ్చి బస్సులు నడిపి, ఆసుపత్రుల్లో ఊడిగం చేసి, ఇళ్లు కట్టిన నల్లవాళ్ల పిల్లలకు తెలిసిన పోలీసు వేరు. 1824 నాటి దేశదిమ్మరుల చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. ఎవరైనా నేరం చేసే ఉద్దేశంతో తిరుగుతున్నట్టు తోస్తే చాలు, పట్టుకుపోవచ్చు. ఆ తోచడం ఎక్కువగా నల్ల కుర్రాళ్లను చూసినప్పుడే తోచేది. 1981 ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్ పేటలో మఫ్టీ పోలీసుల్ని దింపి కొద్ది రోజుల్లోనే 943 మందిని ఆపి సోదా చేశారు. పేట భగ్గుమంది. ఇళ్లు, దుకాణాలు, వాహనాలు తగలబడ్డాయి. వందల మంది పోలీసులకు దెబ్బలు తగిలాయి. స్కార్మన్ ప్రభువు విచారణ జరిపి, జనంతో మాట్లాడకుండా పోలీసు పని సాగదని రాశాడు. ఆ ఏడే ఆ పాత సెక్షన్ కూడా రద్దయింది. హెచ్చరిక అంత స్పష్టంగా ఉంది. పన్నెండేళ్ల తర్వాత ఎల్తమ్‌లో చూస్తే, అది పోలీసుల చెవికెక్కిన జాడ లేదు.

స్టీఫెన్ లారెన్స్ 1974 సెప్టెంబరులో లండన్‌లోనే పుట్టాడు. తల్లి డొరీన్, తండ్రి నెవిల్, ఇద్దరూ జమైకా నుంచి వచ్చినవారు. ముగ్గురు పిల్లల్లో ఇతనే పెద్ద. భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్ట్ కావాలని కోరిక. ఏప్రిల్ 22 రాత్రి బంధువుల ఇంట్లో వీడియో గేములు ఆడి, స్నేహితుడు డ్వేన్ బ్రూక్స్‌తో కలిసి ఇంటికి బయలుదేరాడు. రాత్రి పదిన్నర దాటింది. వెల్ హాల్ రోడ్డులో బస్సు వస్తోందేమో చూద్దామని స్టీఫెన్ నాలుగడుగులు ముందుకు వెళ్లాడు. రోడ్డుకు అవతల ఐదారుగురు తెల్ల కుర్రాళ్లు. డ్వేన్ బస్సు కనిపిస్తోందా అని కేకేసి అడిగాడు. నల్లవాళ్లను తిట్టే మాట ఒకటి అరుస్తూ ఆ గుంపు రోడ్డు దాటింది. క్షణాల్లో చుట్టేసి పొడిచి, పక్క సందులోకి పారిపోయింది. రెండు పోట్లు. నెత్తురు కారిపోతున్నా స్టీఫెన్ స్నేహితుడి వెనకాలే వంద గజాలకు పైగా పరిగెత్తి, కూలిపోయాడు.

ఆ రాత్రి మనిషితనం ఎక్కడుందో చెప్పాలి. చర్చిలో ప్రార్థన ముగించుకుని ఇంటికి నడిచి వెళుతున్న భార్యాభర్తలు ఆగారు. ఇద్దరు నల్ల కుర్రాళ్లు పరుగున రావడం చూసి మొదట తనకు అనుమానం వేసిందని ఆ భర్త తర్వాత విచారణలో దాచకుండా చెప్పాడు. అయినా ఆగాడు. భార్య పేవ్‌మెంటు మీద కూర్చుని, స్టీఫెన్ తల మీద చెయ్యి వేసి, నిన్ను ప్రేమించేవాళ్లున్నారని అతని చెవిలో చెప్పింది. స్పృహ తప్పినవాళ్లకు చిట్టచివర దాకా మిగిలేది వినికిడేనని ఆమెకు తెలుసు. ఇంటికి వెళ్లాక ఆ భర్త చేతులకంటిన నెత్తురు ఒక పాత్రలో కడిగి, ఆ నీళ్లు పెరట్లోని పాత గులాబీ చెట్టు మొదట్లో పోశాడు. ముక్కూ మొహం తెలియని పిల్లవాడి నెత్తురును మురుగుకాలవ పాలు చేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

వచ్చిన పోలీసుల్లో ఎవరూ గాయం ఎక్కడుందో సరిగా చూడలేదు. నెత్తురు ఆపే ప్రయత్నం చేయలేదు. అంబులెన్సు కోసం ఎదురుచూశారు.

డ్వేన్ సంగతి ఇంకా ఘోరం. కళ్ల ముందు స్నేహితుణ్ని పొడిచారు, తను కూడా చావు తప్పించుకున్నాడు. ఫోన్ బూత్‌కు పరిగెత్తి అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసింది అతనే. అంబులెన్సు ఏదని అరుస్తున్న ఆ కుర్రాణ్ని పోలీసులు బాధితుడిగా చూడలేదు. మీరేం గొడవ పెట్టుకున్నారు, నీ దగ్గర ఆయుధాలున్నాయా అన్న ధోరణిలో సాగింది మాటల వరస. అతని ఆవేదన వాళ్లకు దురుసుతనంగా కనబడింది, అలాగే కాగితాల మీదికీ ఎక్కింది. దుండగులు ఏ సందులోకి పారిపోయారో అతను చూపించాడు. ఆ సందును ఆ రాత్రి పద్ధతిగా గాలించలేదు. ఈ హత్యకు అతనే కీలక సాక్షి. అలాంటివాడి మీద, ఆ మే నెలలో జాత్యహంకారులకు వ్యతిరేకంగా జరిగిన ఒక ప్రదర్శనలో పాల్గొన్నందుకు అదే ఏడు కేసు బనాయించారు. జడ్జి దాన్ని కొట్టేశాడు. సాక్షిని కంటికి రెప్పలా చూసుకోవలసిన వ్యవస్థ అతన్నే ముద్దాయిని చేసింది.

ఇంటి దగ్గర తల్లిదండ్రుల పరిస్థితీ అంతే. కడుపుకోతలో ఉన్నవాళ్లను ఓదార్చి, దర్యాప్తు సంగతులు ఎప్పటికప్పుడు చెప్పడానికి వేసిన అధికారులు, స్టీఫెన్ దగ్గర చేతి తొడుగులు ఎందుకున్నాయని ఆరా తీశారు. చనిపోయిన బిడ్డను దొంగగా అనుమానిస్తున్నారని ఆ తల్లికి అర్థమైంది. పరామర్శకు వచ్చినవాళ్లు ఎవరెవరని కూడా అడిగారు. ఆ ఇంటికి కూడా జనం వచ్చి తమకు తెలిసిన పేర్లు చెప్పి వెళుతుండేవారు. డొరీన్ వాటిని ఒక కాగితం మీద రాసి ఉంచింది. మే 6న నెల్సన్ మండేలా లండన్‌లో ఆ కుటుంబాన్ని కలిసి ఓదార్చాడు. అదే రోజు ఆమె పోలీసు పెద్ద అధికారి ఒకరి చేతిలో ఆ కాగితం పెట్టింది. ఆయన తన ఎదుటే దాన్ని ఉండలా చుట్టేశాడని ఆమె వాంగ్మూలం. మడతపెట్టానంతే, నిర్లక్ష్యం చేయలేదని ఆయన జవాబు. ఏది ఎలా జరిగినా, ఏడు సముద్రాల అవతలి నాయకుడు విన్న గోడు సొంత ఊరి పోలీసు వినలేదని ఆ తల్లికి అనిపించింది. మర్నాడే మొదటి అరెస్టులు జరిగాయి.

ఈలోపు ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ 26 నుంచి అనుమానితుల ఇళ్ల దగ్గర నిఘా పెట్టారు. నల్ల ప్లాస్టిక్ సంచి నిండా బట్టల్లాంటివేవో నింపుకుని ఒకడు బయటికి వెళ్లడాన్ని నిఘాలో ఉన్న ఫొటోగ్రాఫర్ చూశాడు. వెంటనే పైవాళ్లకు చెప్పడానికి అతని దగ్గర ఫోను లేదు. ఆ సంచి ఏమైందో ఎవరికీ తెలియదు. సహేతుకమైన అనుమానం ఉంటే అరెస్టు చేయడానికి చట్టం ఒప్పుకుంటుందన్న సంగతి తనకు అప్పట్లో తెలియదని, దర్యాప్తు నడిపిన సీనియర్ అధికారి ఐదేళ్ల తర్వాత విచారణ సంఘం ముందు ఒప్పుకున్నాడు. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా గుండె మండుతుంది. పోలీసు ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి మొదట నేర్పే పాఠం అది.

కథ మిగిలిన భాగం కోర్టుల్లో నీరుగారిన కథ. 1993 జూలైలో, డ్వేన్ గుర్తుపట్టిన తీరు నమ్మదగినది కాదంటూ ప్రాసిక్యూషన్ ఇద్దరి మీది కేసు వదిలేసింది. తల్లిదండ్రులు సొంతంగా ప్రైవేటు కేసు నడిపితే 1996లో అదీ కూలిపోయి, ముగ్గురు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఒకసారి విడుదలైన నేరానికి మళ్లీ విచారించరాదన్నది అప్పటి చట్టం. 1997 ఫిబ్రవరిలో మరణ విచారణ జ్యూరీ, ఏ కవ్వింపూ లేకుండా ఐదుగురు తెల్ల యువకులు జాతి ద్వేషంతో చేసిన హత్య ఇదని తేల్చింది. డెయిలీ మెయిల్ పత్రిక ఐదుగురి ఫొటోలు మొదటి పేజీలో వేసి, వీళ్లే హంతకులు, అబద్ధమైతే మా మీద దావా వేయండని సవాలు చేసింది. ఎవరూ వేయలేదు. స్టీఫెన్ అప్పటికే జమైకాలో, సమాధిలో నిద్రపోతున్నాడు. లండన్‌లో పాతిపెడితే అక్కడా ప్రశాంతంగా ఉండనివ్వరని ఆ అమ్మానాన్నలు బిడ్డను అంత దూరం తీసుకువెళ్లారు. ఆ భయం ఒట్టిది కాదు. అతను పడిపోయిన చోట వేసిన స్మారక ఫలకాన్ని దుండగులు ఒకటికి నాలుగుసార్లు పాడుచేశారు.

ఈ దర్యాప్తు మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక 1999 ఫిబ్రవరి 24న వచ్చింది, దాని అధిపతి సర్ విలియం మాక్‌ఫర్సన్. వృత్తిపరమైన అసమర్థత, సంస్థాగతమైన జాతి వివక్ష, పైఅధికారుల నాయకత్వ వైఫల్యం కలిసి ఈ దర్యాప్తును చెడగొట్టాయని రాశాడు. 70 సిఫారసులు చేశాడు. జనం మౌనంగా ఉండిపోయారన్న వాదన నిలవదని, సమాచారం మొదటి నుంచే వచ్చిందని తేల్చాడు. తొలి రోజుల్లోనే అరెస్టులు చేయకపోవడమే మొత్తానికి మూలమైన తప్పు అన్నాడు. ఒకసారి విడుదలైతే మళ్లీ విచారణ కూడదన్న పాత నియమం కూడా ఆ నివేదిక చలవ వల్లే సడలింది. దానివల్ల కోర్టు తలుపు మళ్లీ తెరుచుకుంది. పాత బట్టలను కొత్త పద్ధతుల్లో పరీక్షిస్తే, ఒక జాకెట్ కాలరులో మిల్లీమీటరులో సగం కూడా దాటని నెత్తుటి మరక దొరికింది. అది స్టీఫెన్‌ది. 2012 జనవరిలో గ్యారీ డాబ్సన్, డేవిడ్ నోరిస్ అనే ఇద్దరికి జీవిత ఖైదు పడింది. ఫోన్ బూత్‌లోని ఉత్తరంలో ఆ రెండు పేర్లూ ఉన్నాయి. అప్పటికి పద్దెనిమిదేళ్లు దాటాయి. అంటే స్టీఫెన్ బతికిన కాలం కన్నా అతనికి ఆ కాస్త న్యాయం దక్కడానికి పట్టిన కాలమే ఎక్కువ.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. దొంగ పేర్లతో ఉద్యమ సంఘాల్లో చొరబడి పనిచేసిన ఒక మాజీ పోలీసు 2013లో నోరు విప్పాడు. లారెన్స్ కుటుంబాన్ని అప్రతిష్ఠ పాలు చేయడానికి పనికొచ్చేదేమైనా తవ్వి తెమ్మని పైవాళ్లు తనను పురమాయించారన్నాడు. ఆ కుటుంబానికి దగ్గరగా రహస్య పోలీసును పెట్టిన మాట నిజమేనని మరుసటి ఏడు ప్రభుత్వం వేసిన సమీక్ష తేల్చింది. అనుమానితుల ఇంటి ముందు నిలబెట్టిన మనిషికి ఫోను ఇవ్వలేనివాళ్లు, పుత్రశోకంలో ఉన్న కుటుంబం వెనక గూఢచారిని నిలబెట్టగలిగారు.

చట్టానికి జనం ఎందుకు లోబడతారు, పోలీసుకు ఎందుకు సాయపడతారు అన్న ప్రశ్న మీద అమెరికా పండితుడు టామ్ టైలర్ 1984లో చికాగో నగరంలో 1,575 మందిని అడిగి తెలుసుకున్నాడు. ఆ ఫలితాలు 1990లో పుస్తకంగా వచ్చాయి. శిక్ష భయం కన్నా, తమకు అనుకూలంగా తీర్పు రావడం కన్నా, తమ మాట విన్నారా, మర్యాదగా చూశారా, పక్షపాతం లేకుండా నడుచుకున్నారా అన్నదే జనం మనసులో ఎక్కువ నిలుస్తుందని అతను తేల్చాడు. ఎల్తమ్‌లో జరిగినది దానికి తిరగేసిన ఉదాహరణ. ఒక్క డ్వేన్‌ను కసిరితే ఆ సంగతి విన్న వెయ్యి ఇళ్లలో పిల్లలు రేపు స్టేషను గడప తొక్కరు.

ఆ చేదు ఒక జాతితో ఆగలేదు. 2021 మార్చిలో లండన్ పోలీసు ఉద్యోగి ఒకడు తన గుర్తింపు కార్డు చూపించి, చేతికి సంకెళ్లు వేసి, రోడ్డున నడిచి వెళుతున్న 33 ఏళ్ల మహిళను కారెక్కించుకు పోయి చంపేశాడు. ఆమె చేసిన తప్పల్లా పోలీసు చెప్పినట్టు వినడం. ఆ తర్వాత, ఒంటరిగా ఉన్న పోలీసు ఆపితే అనుమానం వస్తే కేకలు వేయండి, వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపండి అని స్వయంగా ఆ శాఖే ఆడవాళ్లకు సలహా ఇచ్చింది. పోలీసు నుంచి కాపాడుకోవడమెలాగో పోలీసులే చెప్పవలసి వచ్చింది. 2023 మార్చిలో, లండన్ పోలీసు దళాన్ని సమీక్షించిన లూయీజ్ కేసీ నివేదిక, ఈ దళంలో జాతి వివక్ష, స్త్రీద్వేషం ఇంకా పాతుకునే ఉన్నాయని, ప్రజల సమ్మతి తెగిపోయిందని రాసింది. మాక్‌ఫర్సన్ నివేదికకూ దానికీ మధ్య ఇరవై నాలుగేళ్లు.

1992లో అదే ఎల్తమ్‌లో ఒక భారతీయ సంతతి కుర్రాణ్ని కూడా పొడిచి చంపారు. అక్కడి మనవాళ్లు స్టీఫెన్ కథను పరాయి కథగా చూడకపోవడానికి అదొక కారణం. ఇక్కడ మనం కూడా అలా చూడకూడదనడానికి కారణం మన స్టేషన్లలోనే ఉంది. రోడ్డు ప్రమాదంలో పడి ఉన్న మనిషిని చూసి ఆగడానికి మన జనం జంకేది జాలి లేక కాదు, ఆ తర్వాత స్టేషను చుట్టూ తిరగవలసి వస్తుందని. సాయం చేసినవాళ్లను వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ చేరింది. పోలీసులు నేరుగా కేసు చేపట్టదగిన (కాగ్నిజబుల్) నేరం మీద ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో, సాక్షులకు రక్షణ ఇవ్వాలని 2018లో అదే కోర్టు తీర్పులిచ్చింది. చట్టానికి కొదవ లేదు. ఆ చట్టం సామాన్యుడికి ఎదురయ్యేది మాత్రం స్టేషనులో టేబులు అవతల కూర్చున్న మనిషి రూపంలోనే.

అందుకే ఈ రాత చదివేవారిలో పోలీసు ఉద్యోగులుంటే ఒక మనవి. చూసింది చెప్పడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడకండి. అతని కులం, మతం, బస్తీ పేరు అడిగే ముందు అతను చెప్పేది రాసుకోండి. అతను కేకలు వేస్తున్నా, ఏడుస్తున్నా, మిమ్మల్ని తిడుతున్నా సరే రాసుకోండి, ఆ పూటే కదలండి. అతను రెండోసారి రాడు.